టైగర్ ట్యాంక్‌ని గేమ్‌లో కావాలనే వీక్ చేశారా? అసలు లెక్క ఇదీ!

ఈరోజు టాపిక్ ట్యాంకులు. హైదరాబాద్ వాళ్లు ట్యాంక్ బండ్ అనుకోకండి, యుద్ధంలో వాడే ట్యాంకులు. అందులోనూ హెవీ ట్యాంకులు.

ఈ ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని కొడుకు. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేశాడు. ఆ టైమ్‌కి ఊరి నుంచి ఫోన్ వస్తే ఎవరికి ఏమైందో అని గుండె ఝల్లుమంటుంది కదా. కంగారుగా ఎత్తాను. "అన్నా, మోసం అన్నా" అన్నాడు.

విషయం ఏంటంటే, వాడు ఆడే ఒక మొబైల్ ట్యాంక్ గేమ్‌లో డబ్బులు పెట్టి ఒక హెవీ ట్యాంక్ కొన్నాడు. 2,400 రూపాయలు. పిన్ని ఫోన్‌లో యూపీఐ పిన్ వాడికి తెలుసు. కొన్నట్టు మాత్రం పిన్నికి తెలీదు. వారం రోజుల్లో నలభై మ్యాచ్‌లు ఆడితే సగం కూడా గెలవలేదంట. "అన్నా, నేను ఎన్ని వీడియోలు చూశాను! నిజం యుద్ధంలో టైగర్ వస్తుందంటేనే జనం వణికిపోయేవాళ్లంట. ఇక్కడ ఎవడు పడితే వాడు కొట్టేస్తున్నాడు. వీళ్లు కావాలనే వీక్ చేశారన్నా. రియలిస్టిక్‌గా లేదు" అన్నాడు.

నేను ఒకటే అడిగాను. "ఒరేయ్, నిజంగా రియలిస్టిక్‌గా చేస్తే నీ ట్యాంక్ మ్యాచ్‌కి వస్తుందంటావా?"

వాడికి అర్థం కాలేదు. ఈరోజు మీకూ వాడికీ కలిపి చెప్తాను. ఇది కేవలం ఒక గేమ్ గొడవ అనుకోకండి. మనం బలం అంటే ఏమనుకుంటున్నాం అనేది కూడా ఇందులో ఉంది.

ముందు స్పెక్ షీట్ చూద్దాం. ఫోన్ కొనేముందు ప్రాసెసర్, ర్యామ్, కెమెరా మెగాపిక్సెల్స్ చూస్తాం కదా, అలా. టైగర్ 1. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ హెవీ ట్యాంక్. బరువు దాదాపు 57 టన్నులు. ముందు భాగంలో 100 మిల్లీమీటర్ల మందం ఉక్కు. గన్ 88 మిల్లీమీటర్లు. లోపల ఐదుగురు మనుషులు. సోవియట్ వాళ్ల టీ-34ని ఇది కిలోమీటరున్నర దూరం నుంచే కొట్టగలదు. ఆ టీ-34 దగ్గరున్న 76 మిల్లీమీటర్ల గన్‌తో టైగర్‌ని ముందు నుంచి కొడితే మామూలు దూరాల్లో గుండు తగిలి జారిపోయేది. పక్కకి రావాలి, బాగా దగ్గరికి రావాలి. కాబట్టి భయపడ్డారన్న మాట నిజమే. మావాడు చూసిన వీడియోల్లో అబద్ధం లేదు, అవి స్పెక్ షీట్ దగ్గర ఆగిపోయాయి, అంతే.

ఇప్పుడు ఈ టైగర్‌ని గేమ్‌లో పెట్టినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ తీసుకుందాం. కంప్యూటర్ వెర్షన్. అందులో 15 మంది మీద 15 మంది. మ్యాప్ సుమారుగా కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు. ఇంకో రూల్ ఉంది. ఎంత మంచి చూపున్న ట్యాంక్ అయినా 445 మీటర్లు దాటి శత్రువుని కనిపెట్టలేదు. ఇక్కడ ఆగి ఆలోచించండి. టైగర్ అసలు బలం ఏంటి? దూరం. కిలోమీటరున్నర దూరంలో నిలబడి, అవతలివాడు తనని కొట్టలేని చోటు నుంచి వాడిని కొట్టడం. ఆ బలాన్ని మ్యాప్ సైజే మింగేసింది. బోయపాటి సినిమా హీరోని లిఫ్ట్‌లో నిలబెట్టి ఫైట్ చేయమన్నట్టు అయింది.

రెండోది హెల్త్ బార్. అదే గేమ్‌లో ప్రతి ట్యాంక్‌కీ హిట్ పాయింట్స్ ఉంటాయి. గుండు దిగితే కొన్ని తగ్గుతాయి, సున్నా అయితే అవుట్. నిజంలో అలాంటి బార్ ఏదీ లేదు. ఒక గుండు సరైన చోట దిగితే లోపలున్న మందుగుండు పేలి అంతా ఒక్క క్షణంలో అయిపోవచ్చు. పది గుండ్లు తగిలినా ఏమీ కాకపోవచ్చు. పైగా గేమ్‌లో గుండు చొచ్చుకుపోయే శక్తి, చేసే డ్యామేజ్ రెండూ 25 శాతం అటూ ఇటూ మారతాయి. 200 అని రాసి ఉంటే 150 రావచ్చు, 250 రావచ్చు. మన అదృష్టం.

సో, మావాడు కరెక్టే అన్నట్టు కదా? టైగర్ బలాన్ని తీసేశారు కదా? ఆగండి. సగమే చెప్పాను. వాళ్లు టైగర్ బలాన్ని ఎంత తీసేశారో, దాని జబ్బుల్ని అంతకంటే ఎక్కువ తీసేశారు.

ఆ జబ్బులేంటో చూద్దాం. మొదటిది పెట్రోల్. టైగర్ ట్యాంక్‌లో 540 లీటర్లు పడుతుంది. ఫుల్ ట్యాంక్ కొడితే మంచి రోడ్డు మీద కూడా 200 కిలోమీటర్లు దాటదు. పొలాల్లో, బురదలో అయితే దాదాపు సగమే. అంటే హైదరాబాద్‌లో ఫుల్ ట్యాంక్ కొట్టించుకుని బయలుదేరితే విజయవాడ రాకముందే ఆగిపోతుంది. ఆ పెట్రోల్‌తో మన బైక్ లీటరుకి 50 ఇచ్చినా 27,000 కిలోమీటర్లు వెళ్లొచ్చు.

రెండోది, దాన్ని యుద్ధం దాకా తీసుకెళ్లడం. సొంతంగా నడిపించుకుంటూ వెళ్తే దారిలోనే పాడైపోతుంది కాబట్టి రైల్లో ఎక్కించాలి. రైల్లో ఎక్కించాలంటే వెడల్పు ఎక్కువైపోయింది. అందుకని ప్రతి టైగర్‌కీ రెండు సెట్ల ట్రాకులు ఇచ్చారు. యుద్ధానికి 725 మిల్లీమీటర్ల వెడల్పువి, రైలు ప్రయాణానికి 520 మిల్లీమీటర్లవి. ఎక్కించేముందు మార్చాలి, దించాక మళ్లీ మార్చాలి. బయటి వరస చక్రాలు కూడా ఊడదీయాలి. మన బండికి స్టెప్నీ మార్చడానికే అరగంట తిట్టుకుంటాం.

మూడోది చక్రాలు. టైగర్ చక్రాలు ఒకదాని మీద ఒకటి పేకముక్కలు పరిచినట్టు ఉంటాయి. బరువు సమంగా పడుతుంది, ప్రయాణం మెత్తగా ఉంటుంది. డిజైన్‌గా సూపర్. కానీ లోపలి చక్రం ఒకటి పాడైతే దాని ముందున్నవన్నీ తీయాలి. రష్యా చలికాలంలో ఆ చక్రాల మధ్య ఇరుక్కున్న బురద రాత్రి గడ్డకట్టి, పొద్దున బండి కదలకుండా చేసేది.

నాలుగోది, ఆగిపోతే లాగడం. 57 టన్నులు. ఒక్కోదాన్ని లాగడానికి 18 టన్నుల లాగుడు బళ్లు రెండు మూడు కట్టాల్సి వచ్చేది. ఇంకో టైగర్‌తో లాగొద్దని రూల్, ఎందుకంటే లాగినది కూడా పాడైపోయే ప్రమాదం ఉంది. 1942 ఆగస్టు చివర్లో లెనిన్‌గ్రాడ్ దగ్గర టైగర్లు మొదటిసారి యుద్ధంలోకి దిగాయి. ఆ మొదటి రోజే గేర్‌బాక్స్, ఇంజిన్ సమస్యలతో కొన్ని ఆగిపోయాయి. సెప్టెంబర్‌లో బురదలో కూరుకుపోయిన ఒకదాన్ని బయటికి లాగలేక, శత్రువు చేతికి చిక్కకూడదని చివరికి వాళ్లే పేల్చేసుకున్నారు. ఇది ఒక్కసారి జరిగిన కథ కాదు. యుద్ధం మొత్తంలో చాలా టైగర్లు శత్రువు గుండుకి పోలేదు. పాడైపోయి, పెట్రోల్ అయిపోయి, సొంత సిబ్బంది చేతుల్లోనే పోయాయి.

దీని తర్వాత వచ్చిన టైగర్ 2, అదే కింగ్ టైగర్, ఇంకా బరువు. దాదాపు 70 టన్నులు. ఇంజిన్ మాత్రం అదే తరగతి, 700 హార్స్ పవర్. 1944 డిసెంబర్‌లో బెల్జియం అడవుల్లో జర్మనీ చివరి పెద్ద దాడి చేసింది. అందులో ముందు వెళ్లిన ఒక దళం లా గ్లెజ్ అనే ఊళ్లో ఇరుక్కుపోయింది. పెట్రోల్ లేదు. క్రిస్మస్ ముందు రోజు తెల్లవారుజామున బళ్లన్నీ అక్కడే వదిలేసి దాదాపు 800 మంది కాలినడకన వెనక్కి వెళ్లారు. అప్పుడు వదిలేసిన ఒక కింగ్ టైగర్ ఇప్పటికీ ఆ ఊళ్లో మ్యూజియం ముందు నిలబడి ఉంది. స్పెక్ షీట్ ప్రకారం ఆ అడవిలో దాన్ని మించినది లేదు. పెట్రోల్ లేదు, అంతే.

ఇప్పుడు అసలు నంబర్. టైగర్ 1లు మొత్తం ఎన్ని తయారయ్యాయో తెలుసా? 1942 నుంచి 1944 దాకా సుమారు 1,350. కింగ్ టైగర్లు 500 లోపే. అవతలి పక్కన అమెరికా వాళ్ల షెర్మన్‌లు 49,000 పైన. సోవియట్ టీ-34లు యుద్ధం ముగిసేలోపే 50,000 దాటాయి. షెర్మన్ బరువు 30 టన్నుల పైచిలుకు. ఎందుకు అంత తేలిక? ఓడలో ఎక్కించాలి, రేవులో క్రేన్ ఎత్తాలి, వంతెన ఆపాలి, సముద్రం దాటి అవతల ఖండంలో స్పేర్ పార్ట్ దొరకాలి. ఫ్రెండ్స్, ఇది మనకి బాగా తెలిసిన విషయమే. ప్రాసెసర్ టాప్, బెంచ్‌మార్క్ స్కోర్ టాప్, కానీ గంట వాడితే పెనంలా వేడెక్కే ఫోన్, సర్వీస్ సెంటర్ మన జిల్లాలోనే లేని ఫోన్. అన్‌బాక్సింగ్ వీడియోలో అది హీరో. ఆరు నెలల తర్వాత డ్రాయర్‌లో ఉంటుంది. నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. డెమోలో అదరగొట్టి, ప్రొడక్షన్‌లో రాత్రి రెండింటికి నిద్రలేపే సిస్టమ్‌లు ఎన్ని చూశానో!

ఇప్పుడు గేమ్ తయారుచేసేవాడి సీట్లో కూర్చుందాం. నిజంలో టైగర్‌కి బ్యాలెన్స్ ఎక్కడ జరిగింది? ఫ్యాక్టరీలో, రైల్వే స్టేషన్‌లో, పెట్రోల్ బంకులో, వర్క్‌షాప్‌లో. గేమ్ మొదలయ్యేది ఎక్కడ? ఇవన్నీ దాటుకుని ట్యాంక్ యుద్ధభూమిలోకి వచ్చేశాక. మ్యాచ్ స్టార్ట్ అయ్యేసరికి ఫుల్ ట్యాంక్, కొత్త ఇంజిన్, కడిగిన చక్రాలు. మ్యాచ్ 7 నుంచి 15 నిమిషాలు. అంటే నిజంలో టైగర్‌ని ఓడించినవి ఏవీ ఆ 15 నిమిషాల్లోకి రావు. మరి ఎదుటివాడికి న్యాయం ఎలా చేయాలి? వేరే దారి లేక ఆ 15 నిమిషాల లోపలే సర్దుతారు. హిట్ పాయింట్స్ ఇటు, స్పీడ్ అటు, రీలోడ్ టైమ్ కొంచెం, దానికి సమానమైన ట్యాంకులతోనే మ్యాచ్. చరిత్రలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక టైగర్ మీదకి వెళ్తే, ఇక్కడ ఒకడి మీద ఒకడు. అందుకే అది మామూలు ట్యాంక్ అయిపోతుంది. టైగర్ అనే పేరు, బొమ్మ, సౌండ్ మిగులుతాయి.

దీనికి పరాకాష్ట మౌస్. 188 టన్నుల రాక్షసి. నిజంలో రెండు ప్రోటోటైప్‌లు తయారయ్యాయి, అంతే. ఇప్పుడు రష్యాలో కుబింకా మ్యూజియంలో ఒకటి మిగిలింది. గేమ్‌లో? ఒకే టీమ్‌లో మూడు మౌస్‌లు పక్కపక్కన నడుచుకుంటూ వెళ్లడం నేను చూశాను.

"అన్నా, మరి వార్ థండర్ సంగతి?" అంటారు. నిజమే, అందులో హెల్త్ బార్ లేదు. గుండు లోపలికి వెళ్లాక ముక్కలు ఎటు ఎగిరాయి, ఏ పార్ట్ పోయింది, లోపలున్న ఎవరికి తగిలింది అని లెక్క కడతారు. చాలా బాగుంటుంది. అందులో ఆటగాళ్లకి రియలిజం పిచ్చి ఎంతంటే, 2021లో ఒకాయన బ్రిటిష్ ఛాలెంజర్ 2 ట్యాంక్‌ని గేమ్‌లో తప్పుగా చూపించారని వాదిస్తూ రహస్య పత్రం ఫోటోలే ఆన్‌లైన్‌లో పెట్టేశాడు. ఒక గేమ్‌లో వాదన గెలవడానికి! కానీ అక్కడ కూడా ప్రతి బండికీ బ్యాటిల్ రేటింగ్ అని ఒక నంబర్ ఉంటుంది. ఆటగాళ్లు ఆ బండితో ఎలా ఆడుతున్నారో చూసి దాన్ని పెంచుతారు, తగ్గిస్తారు. మనోళ్లు టైగర్‌తో బాగా కొడితే టైగర్ పైకి వెళ్తుంది, ఇంకా గట్టివాళ్లు ఎదురొస్తారు. గుండు లెక్క రియల్, ఎవరు ఎవరికి ఎదురు అనేది మాత్రం బ్యాలెన్స్. గేర్‌బాక్స్ దానంతట అది పోవడం అక్కడా లేదు.

అది ఎందుకు పెట్టరో నాకు స్వానుభవం. బీటెక్ థర్డ్ ఇయర్‌లో హాస్టల్ రూమ్‌లో యూనిటీ నేర్చుకుంటూ నేనొక చిన్న ట్యాంక్ గేమ్ రాశాను. అప్పుడు నాకూ టైగర్ పిచ్చి ఉండేది. రియలిజం అని చెప్పి, హెవీ ట్యాంక్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ పదిలో ఒకసారి గేర్‌బాక్స్ పోయేలా కోడ్ పెట్టాను. మా రూమ్మేట్‌కి ఇచ్చాను. మూడోసారికే వాడి బండి ఆగిపోయింది. ముందు శత్రువు, వాడు కదల్లేడు. ల్యాప్‌టాప్ నా వైపు తోసేసి, "మామా, ఇది గేమా, సప్లీ రిజల్టా?" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక చిన్న మార్పు చేశాను. ఇంజిన్ టెంపరేచర్ స్క్రీన్ మీద చూపించాను. మెల్లగా వెళ్తే సేఫ్. ఫుల్ స్పీడ్ కొడితే ముళ్లు ఎర్రగా మారుతుంది, ఇంకా కొడితే పోతుంది. అదే రూమ్మేట్ ఆ రాత్రి రెండు దాకా ఆడాడు. అదే జబ్బు, అదే బండి. మొదటిసారి అది వాడి నెత్తిన పడింది. రెండోసారి అది వాడి నిర్ణయం. రియలిజం వల్ల గేమ్ బోర్ కొట్టదు ఫ్రెండ్స్. మన చేతిలో ఏమీ లేనప్పుడు బోర్ కొడుతుంది.

ఈ దారిలో వెళ్లిన గేమ్‌లు ఉన్నాయి. హెల్ లెట్ లూజ్ చూడండి, 50 మంది మీద 50 మంది. అందులో హెవీ ట్యాంక్ ఊరికే రాదు. కమాండర్ టీమ్ ఫ్యూయెల్ ఖర్చుపెట్టి తెప్పించాలి. ఆ ఫ్యూయెల్ ఎక్కడిది? ఎవరో ఇంజనీర్ రోల్ తీసుకుని, వెనకాల ఎక్కడో కూర్చుని, కాల్పులు కూడా లేని చోట నోడ్‌లు కట్టాలి. ట్యాంక్ వచ్చాక కూడా ఒక్కడితో సరిగ్గా పని జరగదు. డ్రైవర్, గన్నర్, కమాండర్, ముగ్గురు మనుషులు, మైక్‌లో మాట్లాడుకుంటూ. డ్రైవర్‌కి సరిగ్గా కనిపించదు. పక్కనుంచి ఒకడు పేలుడు సంచి పెట్టి పారిపోతే కథ ముగిసింది. అక్కడ టైగర్ టైగర్‌లాగే భయపెడుతుంది. దాని ధర మాత్రం టీమ్ మొత్తం కడుతుంది. ట్యాంక్‌కి ట్యాంక్ సమానం చేయకుండా, టీమ్‌కి టీమ్ సమానం చేశారు. నా ఓటు దీనికే.

అంటే మిగతావి చెత్త గేమ్‌లా? కాదు. బస్‌లో పది నిమిషాలు టైమ్ ఉంటే నేను కూడా హెల్త్ బార్ ఉన్న గేమే ఆడతాను. 50 మందిని పోగేసి మైక్ పెట్టుకుని కూర్చోలేను కదా. గేమ్‌గా ఆడుకుంటే ఏ ఇబ్బందీ లేదు. దాన్ని చరిత్ర అనుకుంటేనే సమస్య. ఎవడి కవచం మందం ఎక్కువ, ఎవడి గన్ పెద్దది అనేదే యుద్ధం అనుకుంటాం. "టైగర్లు ఇంకొన్ని ఉంటే జర్మనీ గెలిచేది" అనేవాళ్లు అక్కడి నుంచే వస్తారు. ఆ "ఇంకొన్ని" ఎందుకు రాలేదన్నదే అసలు కథ.

ఇంకో మాట కూడా చెప్పాలి. టైగర్లు తయారైంది జర్మనీలో కాసెల్ అనే ఊళ్లోని హెన్షెల్ ఫ్యాక్టరీలో. అక్కడ ఆక్రమించిన దేశాల నుంచి పట్టుకొచ్చిన మనుషులతో బలవంతంగా పని చేయించారు. గేమ్ గ్యారేజ్‌లో తిప్పి తిప్పి చూస్తుంటే మెరిసిపోతుంది కదా, ఆ ఉక్కు వెనకాల వాళ్లున్నారు. లోపల ఐదుగురు ఉంటారని చెప్పాను. గేమ్‌లో లోపలివాడికి తగిలితే చిన్న ఐకాన్ ఎర్రగా అవుతుంది, ఫస్ట్ ఎయిడ్ కిట్ నొక్కితే లేచి కూర్చుంటాడు. ఏ గేమ్ ఎంత రియలిస్టిక్ అని చెప్పుకున్నా ఇక్కడ మాత్రం అందరూ అబద్ధమే చెప్తారు. చెప్పాలి కూడా. లేకపోతే మనం ఆడలేం. ఆ అబద్ధం మనకి గుర్తుంటే చాలు.

ఇంగ్లండ్‌లో బోవింగ్‌టన్ ట్యాంక్ మ్యూజియంలో టైగర్ 131 అని ఒకటుంది. 1943 ఏప్రిల్‌లో ట్యునీసియాలో బ్రిటిష్ వాళ్లకి దొరికింది. 2014లో వచ్చిన ఫ్యూరీ సినిమాలో కనిపించేది అదే. అది ఎలా దొరికిందో తెలుసా? ఒక గుండు తగిలి టరెట్ ఇరుక్కుపోయింది, తిరగలేదు. లోపలివాళ్లు వదిలేసి పారిపోయారు. కవచం పగల్లేదు. హెల్త్ బార్ దాదాపు ఫుల్ అన్నమాట. అయినా ఓడిపోయింది.

ఇదంతా మావాడికి ఫోన్‌లో చెప్పాను. అంతా విని, "అయితే నా 2,400 వేస్టేనా అన్నా?" అన్నాడు. నేను అబద్ధం చెప్పలేదు. "నువ్వు కొన్నది టైగర్ కాదురా, టైగర్ బొమ్మ అతికించిన కొన్ని నంబర్లు. ఆ నంబర్లు రేపు వాళ్లు మారుస్తారు కూడా. అది తెలిసి, నీ డబ్బుతో కొనుక్కుంటే నీ ఇష్టం. కానీ అది పిన్ని డబ్బు" అన్నాను. కాసేపు సైలెంట్. "నువ్వే చెప్పన్నా అమ్మకి" అన్నాడు. చెప్పనన్నాను. రెండు రోజుల తర్వాత వాడే చెప్పాడు. పిన్ని నాకు ఫోన్ చేసి వాడిని వదిలేసి నన్ను తిట్టింది. "నీ వీడియోలు చూసే కదరా వీడు ఇలా తయారైంది" అని. యూపీఐ పిన్ మార్చేసింది. గేమ్ మాత్రం ఇంకా ఆడుతున్నాడు, ఇప్పుడు ఫ్రీగా వచ్చిన మీడియం ట్యాంక్‌తో. ఒంటరిగా ముందుకెళ్లడం మానేశాక గెలుపులు కొంచెం పెరిగాయంట.

మీరు ఆడే గేమ్‌లో ఏ ట్యాంక్ నిజానికి దగ్గరగా ఉందనిపించిందో, ఏది మరీ కామెడీగా ఉందో కామెంట్‌లో రాయండి. ఇంట్లోవాళ్ల పిన్ మీకు తెలిస్తే, తెలీనట్టే ఉండండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై.